నీలం రంగు 'ఈ' బొమ్మ

ఇంకో మొద్దు మంటల వెయ్యి బిడ్డా, చలి ముదురుతుంది. ఇందాక నువ్వన్న మాట నా మనసుల తిరుగుతనే ఉన్నది. మైక్రోసాఫ్ట్ లేకపోతే ఇంటర్నెట్ ఇంత పెరగకపోవునని మీ సార్లు చెప్పిన్రంటివి. మన భోపాలపట్నం దాక అది ఎట్లొచ్చిందో నా కండ్ల ముందటి సంగతే, చెప్త విను.

అప్పట్ల ఊరవతల మాట కావాల్నంటే ఎస్టీడీ బూతే. అద్దాల డబ్బాల నిలబడి మాట్లాడుతుంటే మీటరు మీద ఎర్ర అంకెలు ఉరుకుతుండె. నోరు మాట్లాడేది, కండ్లు అంకెల మీదనే ఉండేవి. వరంగల్‌ల మీ మేనత్త కాన్పయిన కబురు సుత గట్లనే తెలిసింది.

తర్వాత జగదల్‌పుర్‌ల నెట్ సెంటర్లు లేసినయి. మీ నాయన పరీక్ష ఫలితం చూడనీకి పోయినం. మోడెం కీచుమని అరిచి, గురగురమని, ఊకున్నది. సెంటర్ పిలగాడు తెర మీద నీలం రంగు 'ఈ' బొమ్మ నొక్కిండు. అక్కడ వరుసల కూసున్నోళ్లందరికీ ఇంటర్నెట్ అంటే ఆ బొమ్మే. ఇంగ్లీషు అంతంత మాత్రం వచ్చిన పిలగాడు మౌస్ పట్టుకొని దుకాణం నడిపిండంటే అది విండోస్ పుణ్యమే. ఆ మాట కాదననీకి నాకు నోరు రాదు.

గని ఆ బొమ్మ ఎనక ఉన్న దారి ఎవరేసిన్రు? 1969ల అమెరికా రక్షణ శాఖ పైసలతోని ఆర్పానెట్ మొదలైంది. కంప్యూటర్లు ఒకదానితోనొకటి మాట్లాడే పద్ధతి వింట్ సెర్ఫ్, బాబ్ కాన్ రాసిన్రు. 1983 జనవరి 1 నుంచి ఆ పద్ధతే నడిచింది. వెబ్ అనేది 1989ల టిమ్ బెర్నర్స్-లీ ఆలోచన. ఆయన పనిచేసిన సెర్న్ సంస్థ 1993 ఏప్రిల్ 30న, ఎవరన్న వాడుకోండి, పైస కట్టక్కర్లేదని రాసిచ్చింది. బిడ్డా, ఆ ఒక్క కాయితం గురించి తల్చుకుంటే నాకు ఇప్పటికీ దండం పెట్టబుద్ధయితది. బొమ్మలతోని వెబ్ చూసుకునే మొజాయిక్ బ్రౌజర్‌ను ఇల్లినాయ్ యూనివర్సిటీల చేసిన్రు. మైక్రోసాఫ్ట్ తన ఎక్స్‌ప్లోరర్‌ను, అదే ఆ నీలం 'ఈ' బొమ్మను, ఆ మొజాయిక్ వంశం నుంచే, పైసలిచ్చి లైసెన్సు తీసుకొని కట్టుకున్నది. దాన్ని విండోస్‌కు ముడేసి, పోటీ బ్రౌజర్ నెట్‌స్కేప్‌ను తొక్కిందని 1998ల అమెరికా సర్కారే కోర్టుకెక్కింది. సొమ్మొకడిది, సోకొకడిది అంటరు చూడు, బ్రౌజర్ కథ గట్లనే ఉన్నది.

మన దేశంల 1995 ఆగస్టు 15న సర్కారు కంపెనీ వీఎస్‌ఎన్‌ఎల్ నెట్ ఇచ్చింది. 1998ల ప్రైవేటోళ్లకు దారి తెరిస్తే ముందుగాల దిగింది మన తెలుగోళ్ల సత్యం కంపెనీ కింది సంస్థే. అడవి దాక రావాల్నంటే మాత్రం లాభం చూసుకునేటోడు ఎవడూ రాడు. 2014ల కేంద్రం ఒప్పుకుంటే నక్సల్ జాగలల్ల 2,199 టవర్లకు పని మొదలైంది. పైసలు టెలికం కంపెనీల దగ్గర వసూలు చేసిన నిధివి, పని బీఎస్‌ఎన్‌ఎల్‌ది.

అయితే మైక్రోసాఫ్ట్‌కు ఈడ పేరు రావాల్సిన పని ఒకటున్నది, దాన్ని ఎవరూ ఎత్తరు. బీబీసీల పనిచేసిన శుభ్రాంశు చౌదరి 2010ల, ఫోన్ల వార్తలు చెప్పుకునే సీజీనెట్ స్వర పెట్టిండు. గోండి మాట్లాడేటోళ్లు 2011 లెక్కల 29 లక్షల పైమాటే. అప్పట్ల వాళ్ల భాషల పేపరు, వార్తలు లేనట్టే, చదువొచ్చినోళ్లు తక్కువ. అందుకని మామూలు ఫోనే సాధనమైంది. నంబరు కొట్టి, ఒకటి నొక్కితే నీ మాట రికార్డయ్యేది, రెండు నొక్కితే పక్కోళ్ల మాట వినబడేది. బోరింగు చెడిపోయినా, ఉపాధి కూలి రాకపోయినా ఎవరి గొంతుతోని వాళ్లు చెప్పిన్రు. ఆ మాట నెట్‌ల ఎక్కితే ఎక్కడెక్కడోళ్లో విని కలెక్టరు ఆఫీసుకు ఫోన్లు చేసిన్రు. దాని ఎనక యంత్రం పని చేసినోళ్లల్ల బెంగళూరు మైక్రోసాఫ్ట్ రీసెర్చ్‌ల ఉన్న బిల్ థీస్ ఒకడు. తర్వాత బుల్టూ రేడియో వచ్చింది. నెట్ ఉన్న పంచాయతీల వార్తలు దించుకొని, ఒక ఫోను నుంచి ఇంకో ఫోనుకు బ్లూటూత్‌తోని పంపుకునుడు. సంతల చింతపండు గంప పక్కన పెట్టి ఇద్దరు ఫోన్లు దగ్గరికి పట్టుకొని నిలబడుతుండిరి. టవర్ లేని ఊరికి వార్త అట్ల నడిచి పోయింది.

గోండిల రాసింది చదివి వినిపించే ఆదివాసీ రేడియో యాప్ మీద సుత మైక్రోసాఫ్టోళ్లే పనిచేసిన్రు. గోండులు తమ ఊరూరి మాటలు ఒక దగ్గర కూర్చకపోతే ఆ యంత్రానికి చదవనీకి ఏముండె? 2014 నుంచి తెలంగాణ, మహారాష్ట్ర, మన ఛత్తీస్‌గఢ్, ఇంకా వేరే రాష్ట్రాల గోండులు కూసొని నిఘంటువు పని మొదలుపెట్టిన్రు.

సెలవులయినంక కాలేజీకి పోతవు కదా, మీ సార్లను అడుగు. విండోస్ ఎవరిదో చెప్తరు గని, బిల్ థీస్ ఎవరో వాళ్లకు ఎరుకేనా?