రొమ్ము క్యాన్సర్: చికిత్స ఎంపిక, అనుబంధ వైద్యం

రొమ్ము క్యాన్సర్‌లో శస్త్రచికిత్స, కీమోథెరపీ, రేడియేషన్, హార్మోన్ మాత్రల్లో ఏవి, ఏ వరసలో అన్నది కణితి పరిమాణం, చంకలోని గ్రంథులకు పాకిందా లేదా, హార్మోన్ గ్రాహకాలు, హెర్2 అనే ప్రొటీన్ పరీక్షల ఫలితాలను బట్టి వైద్యులు సూచిస్తారు. రోగి నిర్ణయంలో మరికొన్ని కూడా ఉంటాయి: జుట్టు రాలుతుందన్న భయం, ఖర్చు, పిల్లల్ని ఎవరు చూస్తారన్న బెంగ, ఎవరికో ఆకుపసరుతో నయమైందన్న చుట్టాల మాట.

అసలు చికిత్సతో పాటు సాగేది అనుబంధ వైద్యం. దాన్ని మానేసి పట్టుకునేది ప్రత్యామ్నాయ వైద్యం. మొదటిదానికి కొంత ఆధారం ఉంది. ఆందోళనకు ధ్యానం, యోగా, కీమో వికారానికి మందులతో పాటు ఆక్యుప్రెషర్ వాడవచ్చన్న మార్గదర్శకాలను 2018లో అమెరికన్ సొసైటీ ఆఫ్ క్లినికల్ ఆంకాలజీ ఆమోదించింది. రెండోది ప్రాణాంతకం. ప్రత్యామ్నాయ వైద్యాన్నే నమ్ముకున్న రొమ్ము క్యాన్సర్ రోగులకు మరణ ముప్పు 5 రెట్లకు పైగా ఉందని 2017లో యేల్ పరిశోధకులు తేల్చారు.

ఆచరణలో ఈ రెంటి మధ్య గీత చెరిగిపోతుంటుంది. వివిధ క్యాన్సర్లపై అదే బృందం 2018లో చేసిన అధ్యయనంలో, అనుబంధ వైద్యం తీసుకున్నవారిలో 34 శాతం కీమోను, 53 శాతం రేడియేషన్‌ను కాదన్నారు. మిగతావారిలో ఇవి సుమారు 3, 2 శాతమే.

మన వంటింటి పసుపూ ఇక్కడ లెక్కలోకొస్తుంది. పసుపులోని కర్క్యుమిన్‌తో చేసిన మాత్రలు, ముఖ్యంగా మిరియాల్లోని పైపెరిన్‌తో కలిస్తే, టామాక్సిఫెన్ అనే హార్మోన్ మాత్ర నుంచి శరీరం తయారుచేసుకునే, అసలు పనిచేసే పదార్థమైన ఎండాక్సిఫెన్‌ను రక్తంలో తగ్గిస్తాయని 2019లో నెదర్లాండ్స్ పరిశోధకులు చూపారు. పరీక్షించింది రోజుకు గ్రాముల లెక్కన మింగే మోతాదును, కూరలో చిటికెడును కాదు. ఇలాంటివి వాడుతున్నా చాలామంది డాక్టరుకు చెప్పరు. అడిగితే "వేరే మందులేం లేవండీ" అంటారు, పొడిని మందుగా లెక్కేయరు కనుక.