దిబ్బరొట్టె - సోయారొట్టె

గుంటూరు, ప్రకాశం జిల్లాల నల్లరేగడి భూములను పత్తి, మిరప ఎంతగా ఆక్రమించినా, ఆ సీమ ఇండ్లలో దిబ్బరొట్టెకు ఉన్న స్థానం చెక్కుచెదరలేదు. రుబ్బిన మినపపప్పులో బియ్యపురవ్వ కలిపి, మందపాటి మూకుడులో నూనెవేసి ఎత్తుగా పోసి, మూతమీద కూడ నిప్పులు పరచి సన్నని సెగను కాల్చేవారు. పాలు, వెన్న, గుడ్డు దీనికి అక్కరలేదు. సోయాచిక్కుడు పాలను విరిచి చేసే టోఫును ధాన్యాలతో కలిపి కాల్చే నేటి శాకరొట్టెకు ఏ సూత్రం ఆధారమో, ఈ దిబ్బరొట్టెకూ అదే ఆధారం.

ఆ సూత్రం ప్రయోగశాలలో తేలడానికి ఇరవయ్యవ శతాబ్దం రావలసివచ్చినది. 1914లో అమెరికాలో ఆస్బర్న్, మెండెల్ అనే శాస్త్రజ్ఞులు ఎలుకపిల్లలకు మాంసకృత్తుగా గోధుమలోని గ్లయడిన్ ఒక్కటే పెట్టారు. అవి బ్రతికినవి గాని పెరగలేదు. లైసీన్ అనే అమైనో ఆమ్లాన్ని చేర్చగానే పెరుగుదల మొదలైనది. ధాన్యాలలో లైసీన్ కొరత; పప్పుదినుసులలో అది పుష్కలం, కాని మిథియోనిన్ తక్కువ. రెండూ ఒకే రొట్టెలో చేరితే ఒకదాని లోటు మరొకటి తీరుస్తుంది.

మన దేశంలో ఈ పరిశోధనకు నెలవు కూనూరు. 1918లో మెకారిసన్ అక్కడ ప్రారంభించిన ప్రయోగశాల 1958లో హైదరాబాదుకు తరలివచ్చి, 1969లో జాతీయ పోషకాహార సంస్థ అయినది. గోధుమ, శనగ, వేరుశనగ, బెల్లం కలిపిన ‘హైదరాబాదు మిశ్రమం’ అక్కడిదే. క్షీణించిన పసిపిల్లల కొరకు దానిని రూపొందించారు. అయితే మాంసకృత్తుల మీదనే ప్రపంచం దృష్టి నిలిపిన రోజులలో, అక్కడి డాక్టర్ గోపాలన్ వేరొక మాట చెప్పారు: మన పేదపిల్లలకు ముందు కరువైనది కడుపునిండా తిండి; అలవాటైన ధాన్యం, పప్పు చాలినంత దొరికితే మాంసకృత్తుల లోటు చాలవరకు తీరుతుంది. కూలి ఇంటి పిల్లవాని విషయంలో రొట్టె నాణ్యం కంటె దాని పరిమాణం ముందు చూడవలసినది.

సోయా విషయానికి వస్తే, 1935లో గాంధీజీ వార్ధాలోని మగన్‌వాడీలో దానిని ఆహారంగా వాడిచూచి, ‘హరిజన్’ పత్రికలో వ్రాశారు. ఎండు గింజలో మాంసకృత్తులు నూటికి 36 నుండి 40 పాళ్లు; మినుములలో 24. కాని పచ్చిగింజ పనికిరాదు. ఎలుకలు పచ్చి సోయాతో పెరగవనీ, ఉడికించినదానితో పెరుగుతాయనీ ఆస్బర్న్, మెండెల్‌లే 1917లో చూపారు. జీర్ణరసాన్ని అడ్డగించే పదార్థం వేడికి నశిస్తుంది. అందుచేత నానబెట్టి రుబ్బి వడకట్టిన పాలను బాగా కాచి, తరువాతనే విరవాలి. జపానులో పూర్వం ఉప్పు తీయగా మిగిలే చేదునీటితో విరిచేవారు; అందులోని మెగ్నీషియం లవణాలది ఆ పని. చినగంజాం ఉప్పుమళ్లలోనూ చేదునీరు మిగులుతుంది గాని, శుద్ధిచేయనిదానిని వంటలో వాడరాదు. ఇంట్లో నిమ్మరసం చాలు.

చిక్కు మరొకచోట ఉన్నది. విరిగిన టోఫుకు వాయువును పట్టి ఉంచే శక్తి లేదు, జొన్నరవ్వకూ లేదు. గోధుమలో ఆ పని గ్లూటెన్ చేస్తుంది. మినపపిండిలో దానిని చేసేవి ఒక విధమైన మాంసకృత్తు, అరాబినోగాలాక్టాన్ అనే జిగురు అని మైసూరు ఆహార సాంకేతిక పరిశోధనా సంస్థలో 1970 దశకంలో తేల్చారు. పిండి పులిసేటప్పుడు ల్యూకోనోస్టాక్ అనే సూక్ష్మజీవి వదలే వాయువు ఆ జిగురులో చిక్కి, పిండి పొంగుతుంది. కనుక సోయారొట్టెకు కూడ మినుములే దిక్కు. ఆ మినుములకు గుంటూరు దగ్గరి లాం పరిశోధనా క్షేత్రం పేరు పొందినది. ఎల్.బి.జి. రకాలన్నీ అక్కడివే, కోతకు వచ్చిన వరిచేలో ముందే చల్లితే, మిగిలిన పదునుతోనే ఆ పైరు పండుతుంది.

నానిన జొన్నరవ్వ రెండు పాళ్లు, రుబ్బిన మినపపప్పు ఒక పాలు, నీరు పిండి చిదిపిన టోఫు ఒక పాలు, ఉప్పు, జీలకర్ర, గుంటూరు మిరప తగినంత. రవ్వను, మినపపిండిని ముందుగా పులియబెట్టి, టోఫును కాల్చబోయే ముందు మాత్రమే కలపాలి. పుల్ల గుచ్చితే పిండి అంటకుండా రావాలి. వేడిమీద కోస్తే నడుమ చిదికిపోతుంది. చల్లారిన తరువాత పిండిపదార్థం బిగిసి ముక్కలు చక్కగా తెగుతాయి.