బొద్దు అక్షరం ఎవరిది? – కూపర్ బ్లాక్ కథ

పేరు చెబితే గుర్తుపట్టేవాళ్ళు తక్కువే గానీ, చూస్తే మాత్రం "ఓ, ఇదా!" అంటారు. లావుగా, బొద్దుగా, మూలలన్నీ అరిగిపోయిన సబ్బుబిళ్ళల్లా ఉండే ఇంగ్లీషు అక్షరాలు. ఈజీజెట్ విమానాల మీది పేరు, 1966లో వచ్చిన బీచ్ బాయ్స్ వారి 'పెట్ సౌండ్స్' ఆల్బమ్ అట్ట, డెబ్బైలలో టీషర్టుల మీద ఇస్త్రీపెట్టెతో అంటించుకున్న రాతలు.. అన్నిట్లోనూ ఇదే. దీని పేరు కూపర్ బ్లాక్. పుట్టింది 1922లో.

పదేళ్ళు దాటిన కోడుని లెగసీ అని మూలన పడేసే వృత్తి మనది. మరి ఈ ఫాంటు సీసపు అచ్చులతో మొదలై, ఫొటోటైపు, లెట్రాసెట్ షీట్లు, కంప్యూటరు దాకా ప్లాట్‌ఫాములు మారుతూ వందేళ్ళు ఎలా లాక్కొచ్చింది? అంతకంటే ముఖ్యమైన ప్రశ్న: దీన్ని గీసినాయనకి చివరికి మిగిలిందేంటి?

గీసినాయన ఆస్వాల్డ్ కూపర్, ఊరు చికాగో. ప్రకటనలకి చేత్తో అక్షరాలు రాయడం ఆయన పని. 1904లో ఫ్రెడ్ బెర్ట్‌ష్ అనే భాగస్వామితో కలిసి సొంత దుకాణం పెట్టుకున్నాడు. ఆయన చేతిరాత చూసి ముచ్చటపడ్డ బార్న్‌హార్ట్ బ్రదర్స్ అండ్ స్పిండ్లర్ అనే అచ్చుల తయారీ కంపెనీ, మాకూ అక్షరాలు గీసిపెట్టమంది. అలా వచ్చినవాటిలో అందరికంటే లావుపాటిది కూపర్ బ్లాక్. "మరీ మోటుగా ఉంది" అని పెద్దమనుషులు ముఖం చిట్లించారు. ప్రకటనల వాళ్ళు మాత్రం ఎగబడి కొన్నారు.

ఎగబడటానికి కారణం ఉంది. దీంట్లో సన్నటి గీతలు, పదునైన మూలలు దాదాపు లేవు. సిరా కాస్త ఎక్కువైనా, కాగితం నాసిరకమైనా, అచ్చు కొంచెం అరిగినా అక్షరం పాడైనట్టు కనబడదు. మన భాషలో చెప్పాలంటే ఎర్రర్ టాలరెన్స్ అక్షరం ఒంట్లోనే ఉంది. సీసంలో ఒక్కో అక్షరం ఒక్కో దిమ్మ కాబట్టి వాటిని మరీ దగ్గరగా చేర్చడం కష్టం. అరవైలలో ఫొటోటైపు, లెట్రాసెట్ వచ్చాక ఆ ఇబ్బంది పోయింది. ఈ బొద్దు అక్షరాలు ఒకదాన్నొకటి ఆనుకుని కూర్చుంటే ఇంకా ముద్దొచ్చాయి. రెండో ఇన్నింగ్స్ అక్కడ మొదలైంది. అది చూడ్డానికి కూపర్ లేడు, 1940లోనే పోయాడు.

హిట్టయినదానికి కాపీలు రావడం ఎక్కడైనా మామూలే కదా! ఇక్కడ తమాషా ఏంటంటే, కూపర్ చదువుకున్న బళ్ళో ఆయనకి అక్షరాలు నేర్పిన ఫ్రెడరిక్ గౌడీ కూడా ఈ పోటీలోకి దిగాల్సి వచ్చింది. లాన్‌స్టన్ మోనోటైప్ కంపెనీ పట్టుబడితే 1925లో 'గౌడీ హెవీఫేస్' గీశాడు. శిష్యుడి అక్షరానికి పోటీగా గురువుగారి అక్షరం!

మరి చట్టం ఏం చేస్తోంది అంటారా? అమెరికాలో మొట్టమొదటి డిజైన్ పేటెంటు ఇచ్చిందే అచ్చు అక్షరాలకి. 1842లో, జార్జ్ బ్రూస్ అనే న్యూయార్క్ ఆయనకి. కానీ పేటెంటుకి గడువుంటుంది, అది తీరాక ఎవరైనా వాడుకోవచ్చు. పోనీ కాపీరైటు? 1978లో ఎల్‌ట్రా వర్సెస్ రింగర్ కేసులో అప్పీలు కోర్టు తేల్చి చెప్పేసింది, అక్షరాల రూపానికి కాపీరైటు లేదని. తర్వాత కంప్యూటర్లు వచ్చాయి, ఫాంటు అంటే ఒక ప్రోగ్రాము అయింది. 1998లో అడోబీ వేసిన కేసులో ఆ ప్రోగ్రాముకి కాపీరైటు ఉందని ఇంకో కోర్టు చెప్పింది.

గమనించారా? అక్షరం అందానికి రక్షణ లేదు, దాని వంపుల పాయింట్లు నిలవ చేసిన ఫైలుకి ఉంది. ఫైలు కాపీ కొడితే నేరం. అదే అక్షరాన్ని కాగితం మీద ప్రింటు తీసి, మళ్ళీ కొత్తగా గీసుకుని, వేరే పేరు పెట్టి అమ్ముకుంటే అమెరికాలో అడిగేవాడు లేడు.

ఇక బ్రాండు సంగతి. 1995లో మొదలైన ఈజీజెట్ వెనకున్న ఈజీగ్రూప్‌కి, నారింజ రంగు మీద తెల్లటి కూపర్ బ్లాక్ అంటే ఇంటిపేరు లాంటిది. 'ఈజీ' అనే మాట ఎవరు వాడినా నోటీసులు పంపడంలో వీళ్ళు ప్రసిద్ధులు. 2023లో ఇంగ్లండులో 'ఈజీ లైఫ్' అనే సంగీత బృందం మీద పేరు గురించి దావా వేస్తే, పోరాడే స్తోమత లేక వాళ్ళు పేరు వదులుకుని, 2024లో 'హార్డ్ లైఫ్' అయ్యారు. మాటకి యజమాని ఉన్నాడు, ఫైలుకి యజమాని ఉన్నాడు. ఆ మాటకి ముఖం ఇచ్చిన చేయికే ఏమీ లేదు.

నా ఉద్దేశంలో అక్షరాల రూపానికి వందేళ్ళ కాపీరైటు ఇవ్వడం కూడా మంచిది కాదు. అలా ఇచ్చుంటే కూపర్ బ్లాక్ ఇన్ని చోట్లకి పాకేదే కాదు. కానీ స్వేచ్ఛగా వాడుకోవడం వేరు, చేసినవాడిని మర్చిపోవడం వేరు. ఈ రెండిటి మధ్య తేడాని బాగా పట్టుకున్నది ఓపెన్ ఫాంట్ లైసెన్సు అనిపిస్తుంది. వాడుకో, మార్చుకో, పంచుకో, కానీ కాపీరైటు ప్రకటన మాత్రం తీసేయకు అంటుంది. తయారుచేసినవాళ్ళు పేరు రిజర్వు చేసుకుంటే, మార్చినదానికి ఆ పేరు పెట్టకూడదు కూడా. సిలికానాంధ్ర పూనికతో వచ్చిన రామరాజ, రవి ప్రకాష్ లాంటి తెలుగు హెడ్డింగు ఖతులు ఈ లైసెన్సుతోనే మనకి ఉచితంగా దొరుకుతున్నాయి.

అందుకని ఈసారి ఏ ప్రాజెక్టుకో లోగో చేస్తూ ఫాంటు డౌన్‌లోడ్ చేసినప్పుడు, ఆ ఫోల్డర్లో లైసెన్సు ఫైలు ఒకటుంటుంది చూడండి. మనం ఎప్పుడూ తెరవకుండా డిలీట్ చేసే ఫైలు అది. ఒక్కసారి తెరవండి. ఆ అక్షరాల కోసం కూర్చుని కళ్ళు కాయలు కాయించుకున్న మనిషి పేరు మొదటి లైన్లోనే కనబడొచ్చు.