డిస్పోజల్ జనరేటర్లు, ఆటోనగర్ మెకానిక్కులు

1977 నవంబరు 19న దివిసీమను ముంచెత్తిన ఉప్పెనకు 2027లో యాభై ఏళ్లు నిండుతాయి. ఊళ్లకు ఊళ్లను తుడిచిపెట్టి దాదాపు పది వేల మందిని బలిగొన్న ఆ రాత్రి గురించి చాలామంది రాశారు. అయితే స్తంభాలు కూలి, తీగలు తెగిన చోట మళ్లీ దీపం వెలగడానికి, మోటారు తిరగడానికి డీజిల్ జనరేటరే దిక్కన్న సంగతికి, దాన్ని బాగుచేసే పనితనానికి విజయవాడలో ఉన్న చరిత్రకు దక్కవలసిన చోటు దక్కలేదు.

కృష్ణపై 1855లో ఆనకట్ట పూర్తయ్యేదాకా, ఆ తర్వాత కూడా చాలాకాలం, డెల్టాలో నీటిని పైకి తోడింది ఏతాలూ గూడలే. కాలువల వెంట వరి విస్తరించి ధాన్యం మిల్లులు వెలిశాక ఆవిరి యంత్రాలు, వాటి వెనుకే ఆయిల్ ఇంజన్లు వచ్చాయి. 1921లో పోతిన శ్రీనివాసరావు బెజవాడలో మారుతీ సినిమా హాలు కట్టించారు. తర్వాతి కాలంలో పల్లెలు తిరిగిన టూరింగ్ టాకీసులు తెరతోపాటు ఇంజనునూ డైనమోనూ బండ్లపై వెంట తీసుకువెళ్లేవి. మచ్‌ఖండ్ జలవిద్యుత్తు 1955లో మొదలై తీగలు పల్లెలకు పాకకముందే, ఇంజను చప్పుడు విని రోగం చెప్పగల మనుషులు ఈ ప్రాంతంలో తయారయ్యారంటే కారణం ఈ మిల్లులూ టాకీసులే.

ఈ విద్యకు కొత్త ముడిసరుకు ఇచ్చింది రెండో ప్రపంచ యుద్ధం. యుద్ధం ముగిశాక సైన్యాలకు అక్కరలేని లారీలు, జీపులు, జనరేటర్లు డిస్పోజల్స్ పేరుతో, అంటే మిగులు సామగ్రి అమ్మకాల ద్వారా, బజారుకు వచ్చాయి. భారత సైన్యం పక్కన పెట్టిన యంత్రాలు నేటికీ వేలంలో అమ్ముడవుతూనే ఉన్నాయి. లారీల మరమ్మతు, బాడీ కట్టడం ప్రధానంగా ఎదిగిన విజయవాడ జవహర్ ఆటోనగర్‌లో అలాంటి యంత్రానికి ప్రాణం పోసే పద్ధతిని కాస్త నిదానంగా చూడవలసిందే.

అనుభవజ్ఞుడైన మెకానిక్ మొదట స్టార్టర్ జోలికి పోడు, నేమ్‌ప్లేటు తుడిచి చదువుతాడు. మన ఇళ్లకు, మిల్లులకు వచ్చే కరెంటు సెకనుకు 50 సైకిళ్లది. అమెరికన్ జనరేటర్ సెట్లు 60 సైకిళ్లవి. విమానాలకు, కొన్ని రాడార్లకు వాడే సైనిక సెట్లు 400 సైకిళ్లవి కూడా ఉంటాయి, అవి చవకగా దొరికినా మిల్లు మోటారుకు పనికిరావు. నాలుగు పోళ్ల ఆల్టర్నేటర్ 60 సైకిళ్లకు నిమిషానికి 1800 చుట్లు తిరగాలి, 50 సైకిళ్లకు 1500 చుట్లు చాలు. కనుక ఇంజను వేగాన్ని అదుపులో ఉంచే గవర్నర్‌ను సరిచేసి అమెరికన్ సెట్టును ఇక్కడికి అనువుగా మార్చవచ్చు. అయితే వేగం ఆరో వంతు తగ్గినప్పుడు వోల్టేజీ కూడా ఆ మేరకు తగ్గుతుంది. దాన్ని పాత స్థాయికే గుంజాలని ఫీల్డ్ కాయిల్‌కు కరెంటు పెంచితే వైండింగ్ వేడెక్కి కాలిపోతుంది.

తర్వాత ఇంధనం వంతు. ఏళ్ల తరబడి గోడౌనులో పడి ఉన్న సెట్టులో డీజిల్ జిగురై ఇంజెక్షన్ పంపు లోపలి ర్యాక్‌ను, అంటే ప్రతి సిలిండరుకు ఎంత డీజిల్ వెళ్లాలో నిర్ణయించే కడ్డీని, బిగించేస్తుంది. అది నిండు డీజిల్ దగ్గర బిగిసి ఉండగా ఇంజను అందుకుంటే వేగానికి అడ్డూ ఆపూ ఉండదు; తాళం తిప్పినా ఆగదు. అందుకే ర్యాక్ చేతితో స్వేచ్ఛగా కదులుతోందో లేదో చూశాకే ముందుకు సాగాలి, గాలి లోపలికి వెళ్లే దారిని మూసేందుకు ఒక చెక్కపలకను కూడా చేతికందేలా పెట్టుకోవాలి. సెల్ఫ్ కొట్టినప్పుడు సైలెన్సరులో పొగే రాకపోతే డీజిల్ అందడం లేదని, తెల్లపొగ వస్తుంటే అందుతున్నా మండడం లేదని అర్థం. మొదటి సందర్భంలో గొట్టాల్లో గాలి పట్టి ఉంటుంది. ఫిల్టరు మీది స్క్రూ వదులు చేసి, చేతిపంపు కొడుతూ, బుడగలు లేని డీజిల్ ధార వచ్చేదాకా ఎయిర్ తీయాలి.

ఇంజను చక్కగా తిరుగుతున్నా వోల్టేజీ మీటరు ముల్లు కదలకపోవడం పాత సెట్లలో తరచు కనిపించే చిక్కు. చాలామంది అక్కడే వైండింగ్ పోయిందని తేల్చి వేలకు వేలు ఖర్చు పెడతారు. కరెంటు పుట్టడానికి ఆల్టర్నేటర్ ఇనుములో కొద్దిపాటి అయస్కాంత శక్తి మిగిలి ఉండాలి. దీర్ఘకాలం నిద్రలో ఉన్న యంత్రంలో అది నశిస్తుంది. వోల్టేజీ రెగ్యులేటర్‌ను విడదీసి, ధ్రువాలు సరిచూసుకుని, బ్యాటరీ తీగను ఫీల్డ్ కొసలకు క్షణకాలం తాకిస్తే చాలాసార్లు ముల్లు లేస్తుంది. ఖరీదైన మరమ్మతు కంటే ముందు ఈ చిన్న పరీక్ష చేయడంలోనే ఆ మెకానిక్కుల గొప్పతనం ఉంది.

ఉప్పెన నీటిలో మునిగిన సెట్టుది వేరే వైద్యం. నీరు గాలిలా నొక్కుకుపోదు గనుక సిలిండరులో నీరుండగా సెల్ఫ్ కొడితే కనెక్టింగ్ రాడ్ వంగిపోతుంది; నాజిళ్లు విప్పి చేతితో తిప్పి నీరంతా బయటికి వెళ్లగొట్టాలి. ఆల్టర్నేటర్‌ను మంచినీటితో కడిగి ఉప్పు పోగొట్టి, వైండింగ్ మధ్య బల్బులు వెలిగించి రోజుల తరబడి ఆరబెట్టి, మెగ్గర్ అనే ఇన్సులేషన్ కొలిచే పరికరం కనీసం ఒక మెగ్ ఓమ్ చూపించాకే తిప్పాలి.

1979లో ఇబ్రహీంపట్నం థర్మల్ కేంద్రం పని మొదలుపెట్టాక జనరేటరు అత్యవసర సమయాల్లో మాత్రమే వాడే వస్తువు స్థాయికి తగ్గింది, అపార్టుమెంట్లు వచ్చాక సెల్లారుకు చేరింది. 2023 జూలై నుంచి కొత్త సెట్లకు వర్తిస్తున్న కాలుష్య ప్రమాణాల వల్ల ఇంజన్లలో కంప్యూటర్ నియంత్రణ పెరిగింది. గాలి మెరుగైనందుకు సంతోషించవలసిందే గాని, ల్యాప్‌టాప్ తగిలించకుండా లోపం తేల్చే వీలు తగ్గింది. 2024 సెప్టెంబరు 1న బుడమేరు వాగు విజయవాడలోని సింగ్‌నగర్‌ను ముంచినప్పుడు దాని గండ్లు పూడ్చడానికి సైన్యం కూడా దిగవలసి వచ్చింది. అలాంటి వరదలో నీటిపాలైన సెల్లారు జనరేటరు ఎంత కొత్తదైనా ఎవరికీ అక్కరకు రాదు.

దివిసీమ యాభయ్యో సంవత్సరానికి స్మారక సభలు ఎలాగూ జరుగుతాయి. వాటితోపాటు తుపాను షెల్టర్లలో, ఆసుపత్రుల్లో, మంచినీటి పథకాల్లో ఉన్న ప్రతి జనరేటరునూ నీరందని ఎత్తుకు చేర్చి, నెలకొకసారి లోడు మీద నడిపి చూసే ఏర్పాటు దివిసీమ, విజయవాడలున్న రెండు జిల్లాల యంత్రాంగం చేయాలి. ఆటోనగర్‌లో ఈ పని తెలిసిన పెద్దలు ఇంకా ఉండగానే వారి చేత ఐటీఐ, పాలిటెక్నిక్ విద్యార్థులకు పాఠాలు చెప్పించాలి.