బెల్లంపల్లి: బాయిల చుట్టూ పెరిగిన ఊరు

బెల్లంపల్లి కాజీపేట–బల్హార్షా రైలుమార్గంలో, మంచిర్యాల దాటాక వచ్చే గనుల పట్నం. చుట్టుపక్కల టేకు అడవి. ఎండాకాలంలో మధ్యాహ్నమైతే వడగాలికి వీధులు ఖాళీ అవుతాయి. తీర్థానికో, కోట చూడటానికో ఈ ఊరికి ఎవరూ రాలేదు. పనికోసం వచ్చారు, ఉండిపోయారు. నిజాం రాజ్యమంటే డెల్టా జిల్లాలవారికి చార్మినార్ గుర్తొస్తుంది గానీ, ఆ రాజ్యపు పారిశ్రామిక చరిత్ర తెలియాలంటే ఇలాంటి ఊళ్లే చూడాలి.

ఆ చరిత్రకు మొదలు ఇల్లెందు. 1871లో జియలాజికల్ సర్వేకు చెందిన విలియం కింగ్ అక్కడ బొగ్గు జాడ కనిపెట్టాడు. 1886లో ఇంగ్లండులో పుట్టిన హైదరాబాద్ దక్కన్ కంపెనీ తవ్వకం హక్కులు సంపాదించి, 1889లో పని మొదలుపెట్టింది. 1920లో అది సింగరేణి కాలరీస్ అయింది. బెల్లంపల్లి వైపు బాయిలు, అంటే బొగ్గుగనులు, 1920ల చివర్లో తెరుచుకున్నాయి. 1929కల్లా కాజీపేట, బల్హార్షాల మధ్య పట్టాలు కలవడంతో అడవిలోని బొగ్గుకు అటు ఉత్తరానికీ ఇటు దక్షిణానికీ దారి దొరికింది. 1945లో నిజాం ప్రభుత్వం కంపెనీలో అధిక వాటా కొన్నది. ఇది చిన్న విషయం కాదు. దేశంలో మిగతా బొగ్గుగనుల జాతీయీకరణ 1970లలో గానీ జరగలేదు. సింగరేణి అప్పటికే సర్కారుది కనుక కోల్ ఇండియాలో కలవలేదు. నేడు అందులో తెలంగాణకు 51 శాతం, కేంద్రానికి 49 శాతం వాటా ఉంది.

పాత భూగర్భ గనుల్లో బొగ్గు పొరను అడ్డంగా, నిలువుగా గ్యాలరీలుగా తొలిచి, పైకప్పును మోయడానికి మధ్యమధ్య బొగ్గు స్తంభాలు వదిలేవారు. మందు పెట్టి పేల్చాక రాలిన బొగ్గును ఫిల్లర్లు తట్టలకెత్తి టబ్బులు నింపేవారు. హాలర్ తాడు వాటిని పైకి లాగేది. తట్ట పట్టేముందు కప్పును కర్రతో కొట్టి చూడాలి. గట్టి రాయి ఖంగుమంటుంది. పొర విడివడి ఉంటే డొల్లగా మోగుతుంది, అక్కడ వెంటనే దుంగలు నిలబెట్టాలి. కొలతల పుస్తకాల్లోకి ఎక్కని ఈ నేర్పును ఇంజనీరు చదువుతో సమానంగా గౌరవించాలి.

కరీంనగర్ పల్లెల నుంచీ, కోస్తా నుంచీ, ఉత్తరాది నుంచీ వచ్చిన కుటుంబాలు గనుల పక్కనే గుడిసెలు వేసుకున్నాయి. కన్నాలబస్తీ, టేకులబస్తీ, రడగంబాలబస్తీ ఇక్కడి పేటలు. నంబర్ 2 ఇంక్లైన్ అన్న గని పేరే ఒక వాడ పేరైంది. వంట, నిద్ర, పిల్లల బడి అన్నీ షిఫ్టు సైరన్ ప్రకారమే నడిచాయి. ఇక్కడి కార్మికులు సంఘటితం కావడంలోనూ ముందున్నారు. 1981లో సింగరేణి కార్మిక సమాఖ్య పుట్టింది. ప్రత్యేక తెలంగాణ కోసం 2011లో జరిగిన సకల జనుల సమ్మెలో గనులు ఆగి, అప్పటి ఉమ్మడి రాష్ట్రంలో కరెంటుకు కటకట ఏర్పడింది.

1990ల తర్వాత కథ మారింది. కంపెనీ ఓపెన్‌కాస్టుల వైపు, అంటే నేలను పైనుంచే తవ్వే గనుల వైపు మళ్లింది. అక్కడ డంపర్లు, షావెల్‌లదే పని. లక్ష దాటిన ఉద్యోగుల సంఖ్య 40 వేల ప్రాంతానికి దిగింది. బెల్లంపల్లిలో బాయిలు ఒకటొకటిగా మూతపడ్డాయి. బెల్లంపల్లి ఏరియా పేరు మిగిలినా, దాని కార్యాలయం ఉన్నది గోలేటిలో. సింగరేణి స్థలాల్లో ఇళ్లు కట్టుకున్న కుటుంబాలకు మాత్రం ప్రభుత్వం జీవో 76 కింద పట్టాలు ఇస్తూ వచ్చింది.