గ్రాంట్ బ్రాడ్‌కాస్టర్స్

గ్రాంట్ బ్రాడ్‌కాస్టర్స్ ఆస్ట్రేలియాలో ప్రాంతీయ వాణిజ్య రేడియో కేంద్రాలను నడిపిన కుటుంబ సంస్థ. 1942లో మొదలైన ఈ వ్యాపారం దాదాపు ఎనభై సంవత్సరాలు కుటుంబ యాజమాన్యంలోనే కొనసాగినది. చివరి దశలో ఇది కామెరాన్ కుటుంబం చేతిలో ఉన్నది.

విస్తరణ

సిడ్నీ, మెల్‌బోర్న్ వంటి మహానగరాలలో కాక, చిన్న నగరాలలోను పట్టణాలలోను ఈ సంస్థ విస్తరించినది. నౌరాలోని 2ఎస్‌టీ, జీలాంగ్‌లోని కె-రాక్, కెయిర్న్స్‌లోని 4సిఎ, హోబర్ట్‌లోని 7హెచ్‌ఓ, డార్విన్‌లోని హాట్ 100 దీని కేంద్రాలలో కొన్ని. (పాత కేంద్రాల పేర్లలోని మొదటి అంకె రాష్ట్రాన్ని సూచిస్తుంది: 2 న్యూ సౌత్ వేల్స్, 4 క్వీన్స్‌లాండ్, 7 టాస్మానియా.) 1992 నాటి ప్రసార సేవల చట్టం ప్రకారం ఒక లైసెన్సు ప్రాంతంలో ఒకే యజమానికి రెండు వాణిజ్య రేడియో లైసెన్సులకు మించి ఉండరాదు. కనుక ఎదగదలచిన సంస్థ మరో ఊరికి పోక తప్పదు. ముర్రే బ్రిడ్జ్‌లో 5ఎంయు, పవర్ ఎఫ్ఎం అనే జంట కేంద్రాలు ఈ పద్ధతికి ఉదాహరణ.

అమ్మకం

2021 నవంబరులో హెచ్‌టీ అండ్ ఈ అనే సంస్థ ఈ కుటుంబం నుండి 46 కేంద్రాలను 30.75 కోట్ల ఆస్ట్రేలియా డాలర్లకు కొనుటకు ఒప్పందం చేసుకొన్నది. 2022 జనవరిలో కొనుగోలు పూర్తయినది. అప్పటివరకు ప్రధానంగా మహానగరాలకే పరిమితమై, 12 కేంద్రాలు కలిగిన ఆ సంస్థకు దీనితో 58 అయినవి. 2023లో అది ఎఆర్ఎన్ మీడియాగా పేరు మార్చుకొన్నది.

ఇటువంటి అమ్మకాల వలన ఊరి వార్తలు కరువవుతాయన్న ఆందోళన పాతదే. అందువలననే 2006లో చట్టాన్ని సవరించి, యాజమాన్యం మారిన ప్రాంతీయ కేంద్రాలు స్థానిక వార్తలు, వాతావరణ సమాచారం, అత్యవసర హెచ్చరికలు కనీస ప్రమాణంలోనైనా ప్రసారం చేయాలని నిబంధన విధించారు. వరదలు, కార్చిచ్చులు తరచుగా వచ్చే ప్రాంతాలలో ఇది చిన్న విషయం కాదు.