తోలు భీముడు, చోటా భీముడు

బుక్కపట్నం, ధర్మవరం ప్రాంతపు పల్లెల పిల్లలకు తెర మీద బొమ్మల కథ చూడడం టెలివిజన్ నేర్పిన అలవాటు కాదు. ధర్మవరం మండలంలోని నిమ్మలకుంటలో స్థిరపడి, ఇంట మరాఠీ మాట్లాడుతూ ఆటలో తెలుగు పాడే కళాకారుల కుటుంబాలు తరతరాలుగా ఊరూరా తెల్ల పంచెలతో తెర కట్టి, దాని వెనుక ఆముదపు దీపాలు వెలిగించి, రామాయణ భారత కథలను తెల్లవార్లూ ఆడేవి. వెలుగు చొరబడేంత పలుచగా శుభ్రపరచిన మేకతోలుపై రూపం గీసి, నగలు మెరవవలసిన చోట ఉలితో సన్నని రంధ్రాలు కొట్టి, రంగులద్ది, చేతుల కీళ్లను విడిగా కట్టి పుల్లలతో ఆడించే ఈ బొమ్మల్లో భీముని వంటి వీరులు దాదాపు మనిషెత్తు ఉండేవారు. యుద్ధ ఘట్టాల్లో ఆడించేవారు కాళ్ల కింది చెక్కలను తొక్కితే పుట్టే చప్పుడే గదాఘాతమయ్యేది.

పిల్లలను నిద్రపోనివ్వని భారం మాత్రం కేతిగాడు, బంగారక్క, జుట్టు పోలిగాడు అనే హాస్యపాత్రలది. పురాణంలో ఎక్కడా లేని ఈ ముగ్గురు కథ బరువెక్కిన వేళ తెర మీదికి దూకి, ఆట జరుగుతున్న ఊరి సంగతులనే సరసంగా ఎత్తిపొడిచేవారు కనుక ఒక ఊళ్లో పేలిన నవ్వు మరో ఊళ్లో అచ్చంగా అలాగే వినిపించేది కాదు.

1977లో హైదరాబాదులో దూరదర్శన్ కేంద్రం ఏర్పడింది. 1987-90 మధ్య రామాయణ, మహాభారత ధారావాహికలు ఆ కథలనే ఇళ్లలోకి తెచ్చాయి. సినిమా అప్పటికే కుదించిన రాత్రి ఆటకు ఇది మరో దెబ్బ కాగా, కళాకారులు అదే తోలుతో దీపాలకు తొడిగే గొడుగులు, గోడబొమ్మలు చేసి బతుకుదారి వెతుక్కున్నారు. ఈ తోలుబొమ్మల కళకు గాను నిమ్మలకుంటకు చెందిన దళవాయి చలపతిరావుకు 2020లో పద్మశ్రీ లభించింది.

ఈలోగా భీముడు మరో తెరకెక్కాడు. రాజీవ్ చిలక 2001లో హైదరాబాదులో స్థాపించిన గ్రీన్ గోల్డ్ యానిమేషన్ సంస్థ రూపొందించిన ‘చోటా భీమ్’ 2008లో పోగో చానెల్‌లో మొదలై, ఢోలక్‌పూర్ అనే కల్పిత రాజ్యంలో లడ్డూ తిని బలం పుంజుకునే బాలుణ్ని దేశమంతటి పిల్లలకు నేస్తం చేసింది. అతని బొమ్మ బడిసంచుల మీదికీ చొక్కాల మీదికీ ఎక్కింది. 2019లో నెట్‌ఫ్లిక్స్‌లో వచ్చిన ‘మైటీ లిటిల్ భీమ్’ దాదాపు మాటలే లేకుండా సాగడం వల్ల భాష తెలియని దేశాల పిల్లలకూ చేరింది.

భారతంలోని భీముని తిండి, బలం, అమాయకత్వం రెండు తెరల మీదా నిలిచాయి గాని, ఊరిని బట్టి మాట మార్చే కేతిగాడికి కొత్త తెర మీద చోటు దొరకలేదు. దీపపు గొడుగుకు చెక్కిన బొమ్మలో పనితనం ఉంటుంది, కీళ్లు ఉండవు. ఈ ప్రాంతపు బడులు ఏడాదికి ఒక్క రాత్రైనా తెర కట్టించి ఆడిస్తేనే కీళ్లున్న బొమ్మకు పని దొరుకుతుంది.